చెరువుల తొండం దిగిన నాడు

మా ఆయన ఫ్లెక్సీ ఇంక కాలేజీ గేటు కాడనే ఉన్నది. శేరిగూడ రోడ్డు మీద పోయేటోళ్లందరికి కనపడ్తది. నీలం చొక్కా, చేతులల్ల మా బిడ్డ ప్రిస్కిల్ల, ఎనుక దుమ్ము, వాన. పైన ఎర్రటి అక్షరాలతోని ‘టోర్నడోను గెలిచిన తండ్రి’ అని రాసిండ్రు. నేనైతే ఆ రోడ్డున పోవుడే బంద్ చేసిన. లైనింగు బట్ట కావాలన్నా సందులకెళ్లి చుట్టు తిరిగి పోతున్న. నా దుకాణానికి బ్లౌజులు కుట్టిచ్చుకోనీకి వచ్చే ఆడోళ్లు కొలతలు ఇచ్చుకుంటనే, సుసన్నా, నీ అసొంటి అదృష్టం ఎవ్వరికుంటది అంటుండిరి. టేపు వాళ్ల మెడకే చుట్టాలన్నంత కోపమొస్తుండె. నిజం చెప్పాల్నంటే అది కోపం గాదు, సిగ్గు. నాకు సిగ్గయినా ఏడుపయినా కోపం లెక్కనే బయటికొస్తది.

సుడిగాలి మాకు కొత్తదేం గాదు. ఎండకాలంల ఖాళీ ప్లాట్లల్ల లేస్తది, చెత్త కవర్లు పట్టుకొని గిర్రున తిరుగుతది, ఇంత దూరం పోయి సల్లబడ్తది. తూ తూ అని ఉమ్మి చెప్పు ఇసిరేస్తే పోతదని మా నాయినమ్మ అంటుండె. టోర్నడో అంటే టీవీల చూసుడే. ఎక్కడ్నో పరాయి దేశంల ఇండ్లు లేచిపోతుంటే మనం అన్నం తినుకుంట చూస్తం. గసొంటిది మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుల దిగుతదని ఎవడనుకుంటడు?

వానకాలం ఎల్లిపోయే దినాలు. చెరువు నిండుగుండె. ఆదివారం చర్చి అయినంక ఇంటికొచ్చి అన్నం తిని, పొద్దు జర వాలినంక ముగ్గురం బండి మీద కట్టకు పోయినం. మా ఆయన పేరు జయపాల్, శేరిగూడల ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతడు. మాకున్నది ఒక్కతే బిడ్డ, ఒకటో తరగతి. కట్టకు పోతే దానికి సత్తమ్మవ్వ కాడ కంకి తినాలె, లేకుంటే లొల్లి.

సత్తమ్మవ్వ కట్ట మీద మక్క కంకులు కాలుస్తది. నాలుగు గుంజలు పాతి, మీద రేకులేసి, గాలికి రేకులు లేవకుండ బండలు పెట్టుకున్నది. మా దిక్కు అందరు గట్లనే చేస్తరు. నట్లు బిగిచ్చుడు ఎవరికి గుర్తుంటది, బండలైతే కండ్ల ముంగటనే ఉంటయ్. ప్రిస్కిల్లకు పాలపండ్లు ఊగుతున్నయ్ అప్పుడు. కంకి కొరకరాదని అవ్వనే గింజలు ఒలిచి, ఉప్పు నిమ్మకాయ పూసి కాగితంల పోసిస్తుండె. దాని పేరు నోరు తిరగక ‘పిస్కమ్మా’ అని పిలుస్తది.

ఆ దినం పిల్లను అవ్వ కాడ కూసోబెట్టి, నేను రోడ్డుకు అవతలున్న బాలరాజన్న హోటల్‌కు మిర్చి బజ్జీలు కట్టిచ్చుకొస్తనని పోయిన. పిల్లను చూస్తుండు అని మా ఆయనకు చెప్పే పోయిన.

అన్న బజ్జీలు పేపర్ల చుడుతుంటే బయట లొల్లి అయింది. చూస్తే మబ్బు నల్లగ కిందికి సాగింది. చెరువు నడిమిట్ల నీళ్లు తెల్లగ లేస్తున్నయ్. ఆ రెంటి నడుమ సన్నగ, ఒంకరగ ఒక తాడు లెక్క ఏలాడుతున్నది. ఏనుగు తొండం దిగింది, మబ్బు నీళ్లు తాగుతున్నదని ఒక ముసలాయన దండం పెట్టిండు. మిగిలినోళ్లందరు ఫోన్లు తీసిండ్రు. భయం ఎవ్వరికి లేదు. ఫోన్ పట్టుకుంటే మనకేం కాదనుకుంటరేమో. మా ఆయన గూడ పిల్లను రేకుల కిందనే ఇడిచిపెట్టి, కట్ట అంచుకు పోయి వీడియో తీస్తున్నడు. నాకు ఆయన ఈపే కనపడుతున్నది. నేను గూడ ఏం ఫికర్ చెయ్యలే, అబద్ధమెందుకు. జర బాగనే ఉన్నదనుకున్న.

తర్వాత అది మా దిక్కు తిరిగింది.

ఆ సప్పుడు ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వదు. లారీలు వరుసగ మీదికొస్తున్నట్టు. ముందుగాల ఒక బండి పడ్డది, ఆ ఎనుక గొడుగులు, కుర్చీలు లేచినయ్. జనం ఒక్కసారి రోడ్డు మీదికి ఉరికిండ్రు. బాలరాజన్న నా రెక్క పట్టి లోపలికి గుంజి షట్టర్ దించుతున్నడు. నా బిడ్డ, నా బిడ్డ అని నేను మొత్తుకుంటున్న. షట్టర్ సగం దిగినంక దాని కింది నుంచి ఒక మనిషి దూరిండు. మోకాళ్ల మీద పాక్కుంట వచ్చి లోపల పడ్డడు. నీలం చొక్కా. నాకు పానం లేచొచ్చింది, వచ్చిండ్రు అనుకున్న. చేతులల్ల చూసిన. ఒక చేతుల ఫోన్ ఉన్నది. రెండో చేతుల ఏం లేదు.

“పిల్లేది?” అన్న.

మా ఆయన నా మొకం చూసిండు. పిల్ల ఉన్నదన్న సంగతే అప్పుడు యాదికొచ్చినట్టు చూసిండు. నేను షట్టర్ లేపబోయిన, బాలరాజన్న దాని మీద కాలేసి తొక్కి పట్టిండు. నేను ఆయనను కొట్టిన, రక్కిన. బయట ఏదో వచ్చి షట్టర్‌కు తాకుతుంటే హోటలంతా అదిరింది. ఎంతసేపో తెల్వదు, చానసేపేం గాదు.

సప్పుడు తగ్గి వాన మొదలైనంక షట్టర్ లేపిండ్రు. ముందుగాల ఉరికింది మా ఆయననే, ఆ మాట గూడ చెప్పాలె. నేను షట్టర్ కాడ్నే కూలబడ్డ. అవ్వ రేకులు కిందపడి ఉన్నయ్. ఆయన ఒక రేకు లేపి పక్కకు ఇసిరేసిండు. కింద సత్తమ్మవ్వ బోర్ల పడి ఉన్నది. తల్కాయ కాడ రక్తం, కాలు మీద బండ. ఆమె కడుపు కింది నుంచి ఆయన మా బిడ్డను గుంజి తీసిండు. దానికి మోచేతి కాడ జర గీసుకపోయింది, గంతే. ఆయన దాన్ని ఎదకు పట్టుకొని, ఏడ్చుకుంట, వానల నడుసుకుంట నా దిక్కు వచ్చిండు. వాళ్ల బస్సుల వచ్చే వినోద్ కుమార్ అనే పిలగాడు, కాలేజీ స్టూడెంటు, సరిగ్గ గప్పుడే వీడియో తీసిండు. అవ్వను ఎవరో 108ల ఎక్కిచ్చిండ్రు. నేను బిడ్డను పట్టుకొని ఏడ్చుట్లనే ఉన్న, ఎనుకకు తిరిగి చూడలే.

తెల్లారేసరికి ఆ వీడియో అందరి ఫోన్లల్ల ఉన్నది. మా ఆయన ముందుగాల ఏం అబద్ధం చెప్పలే. జనమే చెప్పిండ్రు. సుడిగాలిల దూకిండట, బిడ్డకు అడ్డం పడ్డడట. ఆయన వద్దనలే, అవ్ అనలే, తల కిందికేసి నవ్విండు. ఇన్నేండ్ల సంది ఆ కాలేజీల ఆయనను ‘ఓ డ్రైవర్’ అనుడే తప్ప పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. ఇప్పుడు ప్రిన్సిపాల్ సారు కుర్చీ ఏసి కూసోబెట్టిండు. శాలువ కప్పిండ్రు, దండ ఏసిండ్రు, జయపాల్ గారు అన్నరు. ఇంటికొచ్చి ఆ శాలువను అద్దం ముంగట మళ్ల కప్పుకొని చూసుకున్నడు. ఆ మొకంల అంత ఎలుగు నేను పెండ్లి నాడు గూడ చూడలే. నా నోరు అక్కడ్నే పడిపోయింది. పోనీలే అనుకున్న, ఎవరికేం నష్టం అనుకున్న. అవ్వను చూసొద్దాం అని నేను అంటే, రేపు పోదాం అని ఆయన అంటుండె. ఆ రేపు రాకుంటనే దినాలు పోయినయ్.

బాలరాజన్నకు అన్ని తెలుసు. ఆయన ఎవరికి చెప్పలే. నేను హోటల్ ముంగటకెళ్లి పోతే మాత్రం బజ్జీల బాండ్లి దిక్కు మొకం తిప్పుకుంటుండె.

చర్చిల మా పాస్టరయ్య ఇశ్రాయేలు గారు మంచోడు, ఆయనకు ఏం తెల్వదు. మన జయపాల్ సాక్ష్యం చెప్తడని ముందుగాలనే అందరికి చెప్పిండు. మా చర్చిల అది ఆచారం. రోగం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, పానం దక్కినా, ఆదివారం నాడు అందరి ముంగట నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాలె. ఇంట్ల ఎన్ని మాట్లాడినా, ఆ మైకు ముంగట అబద్ధం ఆడొద్దని మాకు చిన్నప్పటికెళ్లి నేర్పుతరు. ఆ ఆదివారం మా ఆయన నాలుగు మాటలు చెప్పి దిగుతడనుకున్న. వందనాలు చెప్పిండు. గొంతు సవరిచ్చుకున్నడు. ఎదురుంగ అందరు ఆయన దిక్కే చూస్తున్నరు.

“నా బిడ్డ మీద పండుకున్న” అన్నడు. “రేకులొచ్చి నా ఈపు మీద పడ్డయ్. దేవుడు నా ఈపును ఇనుము చేసిండు.”

అందరు స్తోత్రం అన్నరు. ముసలమ్మలు కండ్లు తుడుసుకున్నరు. నేను కొంగు మొకం మీదికి గుంజుకున్న. ఆ ఈపుకు నూనె రాసేది నేనే, దాని మీద గీత గూడ లేదు. తల కొట్టేసినట్టయింది నాకు. నా పక్కన ప్రిస్కిల్ల చాప మీద మోకాళ్ల మీద లేచింది. అది గుసగుస చెప్పుడు తెల్వని పిల్ల, మామూలుగనే అడిగింది.

“మమ్మీ, డాడీ ఎందుకట్ల చెప్తుండు? నా మీద పండుకున్నది కంకులవ్వ కదా?”

ముంగట కూసున్న ఇద్దరు ఆడోళ్లు ఎనుకకు తిరిగిండ్రు. నేను గబుక్కున దాని నోటి మీద చెయ్యి పెట్టి అదిమిన. జర గట్టిగనే అదిమిన. నా అరచేతికి దాని ఊగే పన్ను తాకుతున్నది. అది నా దిక్కు చూసింది, గింజుకోలే, ఏడువలే. సాక్ష్యం అయిపోయి చప్పట్లు కొట్టినంక చెయ్యి తీస్తే, అరచేతిల చిన్నగ రక్తం, పన్ను. అది నోరు మూసుకొని ఆ పన్ను దిక్కు చూస్తున్నది. ఇంటికొచ్చిందాక ఒక్క మాట మాట్లాడలే. పన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి ఇసిరేద్దాం అని ఎప్పటి నుంచో ఎగురుతుండె, అది గూడ అడగలే.

ఆ దినం నా మీద నాకు అసహ్యమేసింది. మొగడు అబద్ధమాడిండని ఇన్ని దినాలు లోపల్లోపల తిట్టుకుంటి. ఆయనేమో ఆయన నోటితోని చేసిండు, నేను బిడ్డ నోటిని పాడు చేసిన.

తెల్లారి దుకాణం మూసేసి, ఇప్పుడే పోదాం, అవ్వను చూడాలె అన్న. నా మొకం చూసి ఆయన మారు మాట్లాడకుంట బండి తీసిండు. సత్తమ్మవ్వ ఇల్లు కనుక్కొని పోయినం. గల్లీ మొదట్లనే బండి ఆపి, మీరు పోయిరండి, నేను ఈడుంట అన్నడు. నేను ఆపిల్ పండ్లు పట్టుకొని, పిల్లను తోలుకొని లోపలికి పోయిన.

అవ్వ మంచంల ఉన్నది. కాలుకు సిమెంటు కట్టు, తల్కాయ చుట్టు పట్టీ. చానా సన్నబడ్డది. కోడలు మంజుల స్టూల్ ఏసి చాయ పెట్టిచ్చింది, వీడియో మీ ఆయనదే కదక్కా, మస్తు ధైర్యం అన్నది. తర్వాత అత్త సంగతి ఎత్తుకున్నది. అందరు ఉరుకుతుంటే ఈమె చిల్లర డబ్బా కోసం ఆగిందట, అందుకే రేకు మీద పడ్డదట. అవ్వ కొడుకు శ్రీశైలం గూడ మస్తు కోపం చేసిండట, ఇగ కట్ట మొకం చూస్తే ఊకోనన్నడట. మంజుల చెడ్డదేం గాదు, అత్తకు దవాఖానల చాకిరి చేసింది ఆమెనే. కాని మనిషి ముంగటనే, మతి గూడ జర తప్పిందక్కా, ఏమేమో అంటది అన్నది.

అవ్వ నా పిల్లనే చూస్తున్నది. పిస్కమ్మా, నిద్రల భయపడ్తున్నవా బిడ్డా అని అడిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకొని దగ్గరికి గుంజింది.

“సుసన్నా, నువ్వు చెప్పు బిడ్డా. నేను పిల్ల మీద పండుకున్ననా, లేదా? నాకైతే పండుకున్నట్టే ఉన్నది. దాని ఊపిరి నా గొంతు కాడ తగిలింది. వీళ్లేమో వీడియో చూపెడ్తున్నరు, దాంట్ల తండ్రే ఉన్నడు. దెబ్బ తాకి నా తల్కాయ ఖరాబయిందా? నా మతి నాకే నమ్మబుద్ధి అయితలేదు.”

అవ్వ నన్ను తిడుతదేమో, ఏడుస్తదేమో అనుకొని పోయిన. ఆమె నా మొగని మీద ఒక్క మాట అనలే. ఆమెకు కావాల్సింది శాలువ గాదు, పేరు గాదు. ఆమె మతి ఆమెకు కావాలె. దాన్ని నేను, నా మొగడు కలిసి గుంజుకున్నం. ఎంత లొల్లి పెట్టే నోరు నాది, దుకాణంల రూపాయి కాడ గూడ లడాయి పెట్టుకునే నోరు, అది పెగల్లే.

నేను చెప్తలేనని అవ్వ పిల్ల దిక్కు తిరిగింది.

“నువ్వన్న చెప్పు పిస్కమ్మా. నీ మీద పండుకున్నదెవరు?”

ప్రిస్కిల్ల నా దిక్కు చూసింది. చూసి, తన చెయ్యి తనే లేపి, నోటి మీద అడ్డం పెట్టుకుంది. నేను ఎట్ల అదిమిన్నో అట్లనే అదుముకుంది, వేళ్లు బుగ్గల మీద దిగేటట్టు.

పిల్లకు గూడ తెల్వదు చూడుండ్రి అని మంజుల నవ్వింది. అవ్వ మెల్లగ నా చెయ్యి ఇడిచిపెట్టింది. అవ్ బిడ్డా, నా మతే పోయినట్టున్నది అని గోడ దిక్కు తిరుగుతున్నది.

నేను స్టూల్ మీదికెళ్లి లేచి ఆమె మంచం మీద పడ్డ. “నువ్వే అవ్వా” అన్న. “నువ్వే పండుకున్నవ్. నా మొగడు ఇడిచిపెట్టి ఉరికిండు. నేను షట్టర్ ఎనుక ఉన్న. నా బిడ్డ నీ కడుపు కింద ఉండె, నేను ఈ కండ్లతోని చూసిన.” ఒక్కసారి మొదలైనంక అన్ని వచ్చినయ్. చర్చిల మాట, పిల్ల నోరు మూసిన మాట, అన్ని చెప్పిన. మంజుల చాయ గ్లాసు పట్టుకొని నిలబడ్డది, కిందవెట్టుడు మరిచింది. కిటికీకెళ్లి గల్లీ దిక్కు చూసింది. మా ఆయన బండి మీద కూసొని ఫోన్ చూసుకుంటున్నడు.

అవ్వకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్ గని తుడుసుకోలే.

“అయితే నా మతి మంచిగనే ఉన్నది” అన్నది. కోడలు దిక్కు తిరిగి, ఇన్నవా అన్నది. గంతే. నేను కాళ్లు పట్టుకోబోతే గుంజుకోబోయింది, సిమెంటు కట్టు కాలు గుంజుకోలేక నొచ్చింది. తర్వాత నన్ను చూసుకుంట అన్నది, “నా ఒక్కదానికి చెప్తే ఏమైతది బిడ్డా. వాళ్లందరు వీడియో చూసిండ్రు కదా. నలుగుర్ల చెప్పు.”

ఆ వారమంతా మా ఇంట్ల లొల్లే. ఆయనను చెప్పుమన్న. ఇజ్జత్ పోతది, కాలేజీల మొకమెట్ల పెట్టుకోవాలె అన్నడు. భయమైంది సుసన్నా, కాళ్లే ఉరికినయ్, నేను ఉరకలే అని ఏడ్చిండు. ఉరికినందుకు నేను నిన్ను ఏమన్న అన్ననా అని అడిగిన. పానభయం ఎవరికైనా ఉంటది. ముసలిదాని ఈపు తెచ్చి నీ ఈపుకు పెట్టుకున్నవ్, సిగ్గు శరం లేదా అన్న. అని, నేను గూడ ఏడ్చిన. నాకేం సిగ్గున్నదని ఆయనను అడగాలె.

ఆదివారం పాస్టరయ్య, సాక్ష్యాలు ఎవరన్న ఉన్నరా అన్నడు. నేను మా ఆయన దిక్కు చూసిన. మొగోళ్ల దిక్కు అందరికంటె ఎనుక, గోడకానుకొని కూసున్నడు. లేవలే. నేను లేచిన. ప్రిస్కిల్ల చెయ్యి పట్టుకొని ముంగటికి పోయిన. మైకు పట్టుకుంటే చెమటకు జారుతున్నది. నేర్చుకున్న మాటలన్ని మరిచిపోయిన. వందనాలు గూడ చెప్పలే. పోయిన వారం ఈడ చెప్పింది అబద్ధం, నా బిడ్డను కాపాడింది కట్ట మీద కంకులమ్మే సత్తమ్మ, ఆమె కాలు ఇరిగింది, తల పగిలింది, ఈ పిల్ల నిజం చెప్పబోతే నోరు మూసింది నేను అని చెప్పిన. గంతకంటె ఎక్కువ రాలే.

ఒక్కరు గూడ స్తోత్రం అనలే. పాస్టరయ్య తల వంచుకున్నడు. ఎనుక మా ఆయన రెండు చేతులల్ల మొకం పెట్టుకున్నడు. పోయిన వారం ఎనుకకు తిరిగి చూసిన ఆ ఇద్దరు ఆడోళ్లు ఇప్పుడు నేల చూస్తున్నరు. నేను ఈ ఊర్లె ఇగ ఎట్ల తిరగాల్నో తెల్వదు అనుకుంట మైకు కింద పెట్టబోయిన.

ప్రిస్కిల్ల నా కొంగు గుంజింది. ఒక చెయ్యి ఇంక నోటి కాడనే ఉన్నది, వేళ్ల సందులకెళ్లి అడిగింది.

“మమ్మీ, ఇగ నేను చెప్పచ్చా?”

నేను మోకాళ్ల మీద కూసొని మైకు దాని నోటి కాడ పెట్టిన.